మార్కులు చూసి ఆటను నమ్మవచ్చా?

యాడికి చుట్టుపక్కల పల్లెల్లో బోరు వేయించదలచిన రైతు ఇద్దరి మాట మీద ఆధారపడవలసి వస్తుంది. మొదటివారు కొబ్బరికాయనో, వేపపుల్లనో, యంత్రాన్నో చేతబట్టుకొని చేనంతా తిరిగి, నీరు ఇక్కడ ఉన్నదని పాయింటు చూపేవారు. రెండోవారు అడుగుకు ఇంత అని లెక్కగట్టి భూమిని తొలిచే బోరుబండి యజమాని. నీరు పడినా, పడకపోయినా మొదటివారి రుసుము వారికి ముడుతుంది. లోతు పెరిగేకొద్దీ రెండోవారి బిల్లు పెరుగుతుంది. ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు. కానీ బోరు ఎండితే అప్పు మిగిలేది రైతుకే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే అనంతపురం జిల్లాలో ఈ పాఠాన్ని ప్రతి తరమూ డబ్బు పోగొట్టుకొనే నేర్చుకున్నది. అందుకే తెలిసిన రైతు సలహా విన్నప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటాడు: ఈ మాట చెప్పేవారికి ఆదాయం ఎవరి నుంచి వస్తున్నది? మాట తప్పితే వారికి పోయేదేమిటి?

ఇవే ప్రశ్నలను మన ఇళ్లలోకి వచ్చిన ఒక కొత్త సరుకు గురించి కూడా వేసుకోవలసిన కాలం వచ్చింది. అది వీడియో గేమ్. "అబ్బా, చూడు! ఈ ఆటకు పదికి తొమ్మిది మార్కులు ఇచ్చినారు" అని కుమారుడు ఫోను ముందుకు చాచినప్పుడు, ఆటల సంగతి ఏమీ తెలియని తండ్రి ఏం చేయాలి? ఆ మార్కులు వేసినవారు ఎవరు? వారి మాటను సాక్ష్యంగా స్వీకరించవచ్చా? కంప్యూటర్‌కో, ప్లేస్టేషన్‌కో వచ్చే పెద్ద ఆట వెల మన దేశంలో ఐదు వేల రూపాయల దాకా ఉంటున్నది. ఉచితమని చెప్పే ఫోను ఆట ఆ తర్వాత ఎంత వసూలు చేస్తుందో ముందుగా చెప్పలేము. డబ్బును మించినది పిల్లవాడి కాలం. కనుక ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు.

సమీక్షకుడి పని

ఆటలను సమీక్షించటం చాలాకాలంగా ఒక వృత్తి. జపాన్‌లో ఫామిత్సు పత్రిక 1986 నుంచి వెలువడుతున్నది. అమెరికాలో ఐజీఎన్, గేమ్‌స్పాట్ అనే సంస్థలు 1996లో ఆరంభమయ్యాయి. వీటిలో పనిచేసేవారు జీతం తీసుకొని ఆటలు ఆడి, వాటి గుణదోషాలను వ్రాసి, చివర మార్కులు వేస్తారు. సాధారణంగా ఆటను ప్రచురించే సంస్థే విడుదలకు కొన్ని రోజుల ముందు వారికి ఉచితంగా ఒక ప్రతి పంపుతుంది. ఫలానా తేదీ, ఫలానా గంట వరకు సమీక్ష బయటపెట్టరాదని షరతు విధిస్తుంది. ఈ షరతును ఆ రంగంలో ఎంబార్గో అంటారు.

మనకు పరిచయమైన సినిమా సమీక్షతో దీన్ని పోల్చి చూడవచ్చు. సినిమా రెండున్నర, మూడు గంటల్లో ముగుస్తుంది. తాడిపత్రిలో చూసినా, హైదరాబాదులో చూసినా అదే సినిమా. సమీక్షకుడు టికెట్టు కొని ప్రేక్షకుల మధ్యనే కూర్చొని చూడగలడు. ఆట అలా కాదు. పూర్తి చేయటానికి ముప్పై, యాభై గంటలు పట్టవచ్చు. ఒక యంత్రం మీద సాఫీగా నడిచే ఆట మరొక యంత్రం మీద ఆగిపోవచ్చు. పైగా ఈ రోజు ఉన్న ఆట మూడు నెలల తర్వాత అలాగే ఉంటుందన్న హామీ లేదు. ఇంత కష్టమైన సరుకును గడువులోపు పరిశీలించి తీర్పు చెప్పవలసినవాడు, తన ముందుకు వచ్చే ప్రతి కోసం అమ్మకందారు దయ మీదనే ఆధారపడి ఉన్నాడు.

ప్రకటనదారుడి నీడ

మొదటి ప్రశ్న ఆదాయానికి సంబంధించినది. ఈ పత్రికలలో, వెబ్‌సైట్లలో చాలావాటిని పోషించేది ప్రకటనలు. ఆ ప్రకటనలు ఇచ్చేవారిలో ఆటల సంస్థలే ముఖ్యులు. 2007 నవంబరులో జరిగిన సంఘటన ఈ బంధాన్ని బయటపెట్టింది. గేమ్‌స్పాట్‌లో ఎంతోకాలంగా పనిచేస్తున్న జెఫ్ గెర్స్ట్‌మన్ "కేన్ అండ్ లించ్: డెడ్ మెన్" అనే ఆటకు పదికి ఆరు మార్కులు వేశారు. అదే సమయంలో అదే వెబ్‌సైటు నిండా ఆ ఆట ప్రకటనలు పరచుకొని ఉన్నాయి. ఆ నెలాఖరులోనే ఆయన ఉద్యోగం పోయింది. ఒప్పందపు నిర్బంధం వల్ల ఆయన వెంటనే నోరు విప్పలేకపోయారు. 2012లో ఆ నిర్బంధం తొలగిన తర్వాత, తక్కువ మార్కులిచ్చిన సమీక్షల వల్ల ప్రకటనదారులు అసంతృప్తి చెందటం, ఆ ఒత్తిడికి యాజమాన్యం తలొగ్గటమే తన తొలగింపునకు దారితీశాయని ఆయన బహిరంగంగా వివరించారు.

ఈ ఉదంతం నుంచి రెండు నిజాలు గ్రహించాలి. ఒత్తిడి ఉన్నమాట వాస్తవం. ఆ ఒత్తిడికి లొంగకుండా ఆరు మార్కులే వేసిన మనిషి ఉన్నమాట కూడా అంతే వాస్తవం. ఆ తర్వాత ఆయన మిత్రులతో కలిసి జయంట్ బాంబ్ అనే సొంత వేదికను నెలకొల్పుకున్నారు. పాఠకులు ఆయనను వెతుక్కుంటూ వెళ్లారు. పేరు పెట్టి వ్రాసేవాడికి పేరే పెట్టుబడి.

2018 ఆగస్టులో మరొక సంఘటన దీన్నే రుజువు చేసింది. "డెడ్ సెల్స్" అనే ఆటపై ఐజీఎన్ ప్రచురించిన సమీక్ష తన వీడియో నుంచి కాపీ కొట్టినదని ఒక చిన్న యూట్యూబ్ ఛానెల్ వేలెత్తి చూపింది. ఐజీఎన్ ఆ సమీక్షను తొలగించి, వ్రాసిన ఉద్యోగిని పంపివేసి, పాఠకులకు క్షమాపణ చెప్పి, ఆ ఆటను వేరొకరి చేత తిరిగి సమీక్షింపజేసింది. తప్పు జరిగినప్పుడు నిలదీయటానికి ఒక చిరునామా ఉండటం చిన్న విషయం కాదు.

పైన పొడి, కింద తడి

మహాప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి మదీనా బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, అందులోకి చేయి పోనిచ్చి చూసిన సంఘటన మనందరికీ తెలిసినదే. పైన గింజలు పొడిగా ఉన్నాయి, లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పాడు. అయితే తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) అతణ్ణి ప్రశ్నించారు. మన ప్రాంతపు రైతులకు, మండీ వర్తకులకు ఈ సంగతి మరింత బాగా అర్థమవుతుంది. చెనక్కాయల మూటలో పైకాయ చూసి ఎవరూ ధర కట్టరు. లోపలికి చేయి పెట్టి పిడికెడు తీసి, ఒలిచి, గింజ చూసి మరీ ధర చెబుతారు.

ఆటల రంగంలో ధాన్యపు రాశి ఉదంతానికి సరిపోయే సంఘటన 2020 డిసెంబరులో జరిగింది. పోలెండు దేశపు సీడీ ప్రాజెక్ట్ సంస్థ "సైబర్‌పంక్ 2077" అనే ఆటను డిసెంబరు 10న విడుదల చేసింది. ముందుగా సమీక్షకులకు పంపినవి కంప్యూటర్‌పై ఆడే ప్రతులు మాత్రమే. తాము ఆడుతుండగా తీసుకున్న దృశ్యాలను విడుదలకు ముందు చూపరాదని, సంస్థ ఇచ్చిన దృశ్యాలనే వాడాలని షరతు పెట్టారు. శక్తిమంతమైన కంప్యూటర్లపై ఆడినవారు ఉదారంగా మార్కులు వేశారు. సగటు నూటికి తొంభై దరిదాపుల్లో నిలిచింది. విడుదలయ్యాక పాత ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ యంత్రాలపై ఆడినవారికి అదే ఆట ముక్కలు ముక్కలుగా కనిపించింది. సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పి, డబ్బు వాపసు తీసుకోవచ్చని ప్రకటించింది. సోనీ సంస్థ ఆ ఆటను తన దుకాణం నుంచే తొలగించింది. 2021 జూన్ 21 వరకు అది తిరిగి అక్కడ కనిపించలేదు.

ఇక్కడ సమీక్షకులు అబద్ధం చెప్పలేదు. తమకు చూపిన గింజల గురించి వారు చెప్పినది నిజమే. రాశి లోపలికి చేయి పెట్టే అవకాశం మాత్రం వారికి దక్కలేదు. కొద్దిమంది తమ సమీక్షలోనే ఈ పరిమితిని స్పష్టంగా పేర్కొన్నారు. మార్కులను మాత్రమే చూసిన కొనుగోలుదారులకు ఆ వాక్యం కనబడలేదు.

అంకెకు ఉన్న బరువు

అంకె మీద మోజు కొనేవారికే పరిమితం కాలేదు. మెటాక్రిటిక్ అనే వెబ్‌సైటు 2001 నుంచి వివిధ సమీక్షల మార్కులను కలిపి, నూటికి ఒక సగటును ప్రకటిస్తున్నది. ఆ సగటులో కొన్ని పత్రికల మాటకు ఎక్కువ బరువు, కొన్నింటికి తక్కువ బరువు ఇస్తుంది. 2010లో వెలువడిన "ఫాల్అవుట్: న్యూ వెగాస్" అనే ఆటను తయారుచేసిన అబ్సిడియన్ సంస్థకు, ఈ సగటు 85 చేరితేనే బోనసు అని ఒప్పందం ఉండినట్లు ఆ సంస్థ ప్రముఖుడు క్రిస్ అవెలోన్ 2012లో వెల్లడించారు. వచ్చినది 84. ఒక్క మార్కుతో బోనసు చేజారింది. ఒక అభిప్రాయానికి పెట్టిన అంకె మీద జీతభత్యాలు ఆధారపడినప్పుడు, ఆ అంకెను తమవైపు వంచుకోవాలన్న కోరిక ఎందరికి కలుగుతుందో ఊహించటం కష్టం కాదు.

సమీక్ష వేషంలో ప్రకటన

ఇంతవరకు చెప్పినది వృత్తిసమీక్షకుల సంగతి. మన పిల్లలు నిజానికి చదివేది వారిని కాదు. వారు చూసేది వీడియోలు. తెలుగులో, హిందీలో, ఉర్దూలో గలగల మాట్లాడుతూ ఆట ఆడి చూపించే యువకులను వారు అన్నలుగా భావిస్తారు. ఈ వీడియోలలో మంచివి లేకపోలేదు. ఆట ఎలా ఉంటుందో కళ్లారా చూడటానికి అవి చక్కగా ఉపకరిస్తాయి. అయితే ఏది అభిప్రాయం, ఏది డబ్బు తీసుకొని చేసిన ప్రచారం అన్నది పిల్లవాడు గుర్తించలేడు.

2014లో వచ్చిన "షాడో ఆఫ్ మోర్డోర్" ఆట విషయంలో పెద్దలు కూడా గుర్తించలేకపోయారు. వార్నర్ బ్రదర్స్ సంస్థ యూట్యూబ్‌లో పేరున్నవారికి వందల డాలర్ల నుంచి పదుల వేల డాలర్ల వరకు చెల్లించి, ఆటను మెచ్చుకుంటూ, అందులోని లోపాలను చూపకుండా వీడియోలు చేయించింది. డబ్బు ముట్టిన సంగతిని సరిగా తెలియజేయించలేదు. ఆ వీడియోలను 55 లక్షలకు పైగా వీక్షించారు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకోవటంతో, ఇకపై ఇటువంటి చెల్లింపులను స్పష్టంగా వెల్లడిస్తామని 2016లో ఆ సంస్థ ఒప్పుకోవలసి వచ్చింది.

మన దేశంలో కూడా ఇప్పుడు నియమాలున్నాయి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బు గాని, బహుమతి గాని తీసుకొని ఒక వస్తువును పొగిడేవారు ఆ సంగతిని చూసేవారికి స్పష్టంగా తెలియజేయాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర ప్రాధికార సంస్థకు ఉన్నది. డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆటల సంగతి వేరు. మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం అటువంటి ఆటలతోపాటు వాటి ప్రచారాన్ని కూడా నేరంగా పరిగణించి, ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, యాభై లక్షల వరకు జరిమానా నిర్దేశించింది. కనుక ఏ వీడియోలోనైనా "ఆడి సంపాదించండి" అన్న మాట వినిపిస్తే, దానికి ఎన్ని నక్షత్రాలున్నా అక్కడితో ఆపివేయటమే క్షేమం.

మన ప్రశ్నకు వారి దగ్గర జవాబున్నదా?

యాడికిలోనైనా, గుత్తిలోనైనా పిల్లలు ఎక్కువగా ఆడేది ఫోనులోని ఉచిత ఆటలే. పెద్ద పత్రికల దృష్టి వీటిపై పడేది బహు తక్కువ. ఒకసారి సమీక్షించినా, కొన్ని వారాలకొకమారు మారిపోయే ఆటకు ఆ పాత సమీక్ష ఎంతకాలం వర్తిస్తుంది? 2019 జూన్‌లో వచ్చిన పిల్లల కార్ల పందెపు ఆట "క్రాష్ టీమ్ రేసింగ్ నైట్రో ఫ్యూయెల్డ్" ఇందుకు తార్కాణం. విడుదలైనప్పుడు అందులో అసలు డబ్బుతో కొనే నాణేలు లేవు. సమీక్షలన్నీ వచ్చేసిన తర్వాత, ఆగస్టులో, ఆ నాణేల అమ్మకం మొదలైంది. సమీక్షకుడు మంచిదని చెప్పిన ఇంటికి తర్వాత మరొక తలుపు పెట్టారన్నమాట.

మరొక ఉదాహరణ "ఫిఫా 18". ఫుట్‌బాల్ ఆటగా దానికి మంచి మార్కులే వచ్చాయి. కానీ డబ్బు చెల్లించి, లోపల ఏ ఆటగాడు ఉన్నాడో తెలియని పొట్లాన్ని తెరిచే ఏర్పాటు అందులో ఉన్నది. 2018 ఏప్రిల్‌లో బెల్జియం ప్రభుత్వ కమిషన్ ఆ ఏర్పాటును పరిశీలించి, తమ చట్టం ప్రకారం అది జూదమేనని నిర్ణయించింది. మరుసటి ఏడాది ఆరంభంలో ఆ సంస్థ బెల్జియంలో ఆ పొట్లాలను డబ్బుకు అమ్మటం మానుకున్నది. ఆట బాగున్నదా అన్న ప్రశ్నకు సమీక్షకుడు సరిగానే జవాబు చెప్పాడు. ఇది మా ఇంటికి తగినదా, మా పిల్లవాడి నమాజు వేళలను, చదువును, నిద్రను, జేబును ఇది ఏం చేస్తుంది అన్నవి అతనిని ఎవరూ అడగని ప్రశ్నలు. జవాబు చెప్పవలసినవారు ఇంట్లోనే ఉన్నారు.

రెండు గీటురాళ్లు

హదీసు విద్వాంసులు ఒక ఉల్లేఖకుని మాటను స్వీకరించే ముందు అతనిలో ప్రధానంగా రెండు గుణాలు చూసేవారు. ఒకటి అదాలత్, అనగా సత్ప్రవర్తన, నిజాయితీ. రెండోది జబ్త్, అనగా విన్నదానిని చెక్కుచెదరకుండా నిలుపుకొని అందించే సామర్థ్యం. ఎంత సజ్జనుడైనా జ్ఞాపకం బలహీనమైతే అతని ఉల్లేఖనాన్ని ఆచితూచి తీసుకొనేవారు. ఈ సూక్ష్మమైన విభజన నేటి గేమ్ సమీక్షకూ పనికివస్తుంది.

నిజాయితీ విషయానికి వస్తే, పేరున్న సంస్థల్లో పేరు పెట్టి వ్రాసే వృత్తిసమీక్షకులు మార్కులు అమ్ముకుంటారన్న సాధారణ ఆరోపణకు ఆధారాలు బలంగా లేవు. ఒత్తిళ్లు ఉన్నాయి, వాటిని ఎదిరించినవారూ ఉన్నారు, తప్పు బయటపడితే మూల్యం చెల్లించినవారూ ఉన్నారు. సామర్థ్యం విషయానికి వస్తే, వారికి చూపించినదెంత, ఇచ్చిన గడువెంత, ఏ యంత్రంపై ఆడారు అన్నవాటిని బట్టి వారి సాక్ష్యం విలువ హెచ్చుతగ్గులకు లోనవుతుంది. కాబట్టి ఆట సరిగా నడుస్తుందా, ఎలా రూపొందింది, అందులో హింస, అశ్లీలత ఏ మేరకు ఉన్నాయి అన్న విషయాల్లో వారి మాటను ఒక మంచి సాక్షి మాటగా తీసుకోవచ్చు. ఒక్క సాక్షితో తీర్పు మాత్రం చెప్పకూడదు.

తల్లిదండ్రులు చేయదగినవి

మార్కులను వదిలి, సమీక్షను చదవండి లేదా చదివించుకోండి. ఏ యంత్రంపై ఆడారు, ఎన్ని గంటలు ఆడారు, ప్రతి ఎవరిచ్చారు అన్నది నిజాయితీపరుడు చెబుతాడు. ఆ సంగతులు లేని పొగడ్తను పక్కన పెట్టండి.

పెద్ద ఆటను విడుదల రోజునే కొనవద్దు. ముందస్తు బుకింగు అసలే వద్దు. రెండు, మూడు వారాలు ఆగితే, సమీక్షకులకు కనబడని తడి మామూలు కొనుగోలుదారుల చేతికి తగులుతుంది. స్టీమ్ వంటి దుకాణంలో కొన్న ఆటను 14 రోజుల లోపల, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే, సాధారణంగా వాపసు ఇవ్వవచ్చు. రాశిలోకి మనమే చేయి పెట్టి చూడటానికి అదొక అవకాశం.

ఫోను ఆటకైతే ప్లే స్టోర్‌లో నక్షత్రాల కంటే ముందు రెండు వాక్యాలు చూడండి: ప్రకటనలు ఉన్నాయా, లోపల కొనుగోళ్లు ఉన్నాయా. ఒక్కో వస్తువు కనీస, గరిష్ఠ ధరలు కూడా అక్కడే వ్రాసి ఉంటాయి. ఉచిత ఆటలో వేల రూపాయల వస్తువు ఉంటే, దాన్ని ఎవరి కోసం అమ్మకానికి పెట్టారో ఆలోచించండి. వయసును సూచించే అంకె మంచి సూచికే. అయితే చాలావరకు అది ఆట తయారుచేసినవారు ప్రశ్నావళికి ఇచ్చిన జవాబులపై ఆధారపడి ఉంటుందని మరవరాదు.

చెల్లింపులు జరిగే ఫోను, పిల్లవాడు ఆడే ఫోను ఒకటే అయిన ఇళ్లు మన ప్రాంతంలో ఎక్కువ. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగే ఏర్పాటు చేసుకోండి. చెల్లింపు రహస్య అంకెను పిల్లల ముందు నొక్కవద్దు. చెనక్కాయ పంట డబ్బు ఖాతాలో పడిన రోజుల్లో మరింత జాగ్రత్త అవసరం.

అన్నింటికంటే ముఖ్యం, ఒక సాయంత్రం అరగంట పిల్లవాడి పక్కన కూర్చొని, "నేర్పించు నాయనా, ఇదెట్ల ఆడతారు?" అని అడగండి. ఎక్కడ గెలిచినప్పుడు వాడి ముఖం వెలిగింది, ఏ క్షణంలో ఆట డబ్బు అడిగింది, ఆపమన్నప్పుడు ఆపగలిగాడా అన్నది ఆ అరగంటలోనే తెలుస్తుంది. వాడికి మీరు ఆట తెలిసిన మనిషిగా కనబడతారు. తర్వాత మీరు చెప్పే "వద్దు" అన్న మాటకు విలువ పెరుగుతుంది. "సరే, ఆడుకో" అన్న మాటకూ విలువ పెరుగుతుంది. ఆటలన్నీ చెడ్డవని కొట్టివేసే తండ్రి మాటను, ఆటలన్నీ గొప్పవని పొగిడే వీడియోను పిల్లవాడు ఒకే తీరున పక్కన పెడతాడని గుర్తుంచుకోవాలి.

పాయింటు చూపినవాడిది సలహా మాత్రమే. చేను రైతుది, బాధ్యతా రైతుదే. సమీక్షకుడు ఆట గురించి నిజమే చెప్పి ఉండవచ్చు. మన బిడ్డ గురించి అతనికి ఏమీ తెలియదు. ఆ సంగతి తెలిసినవారు తల్లిదండ్రులే. అల్లాహ్ సంతానాన్ని అమానతుగా అప్పగించినది కూడా వారికే.